జెండా చాటున సాగిన బానిస వ్యాపారం

బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ 1807లో చట్టం చేసిన బ్రిటన్, మరుసటి ఏడాది పడమటి ఆఫ్రికా తీరానికి సోల్‌బే, డెర్వెంట్ అనే రెండు యుద్ధనౌకలను పంపింది. వేల మైళ్ల తీరానికి రెండంటే రెండు నౌకలు. అలా మొదలైన గస్తీ ఆరు దశాబ్దాలు నడిచింది. 1860 నాటికి దాదాపు 1,600 ఓడలు పట్టుబడ్డాయి. వాటి నుంచి సుమారు లక్షన్నర మంది ఆఫ్రికన్లు బయటపడ్డారు. ఆ పనిలో రాయల్ నేవీ నావికులు 1,600 మంది వరకూ చనిపోయారు, అందులో ఎక్కువ మందిని చంపింది పచ్చజ్వరం, మలేరియా. పాఠ్యపుస్తకాలు, స్మారకోపన్యాసాలు ఈ అంకెల దగ్గరే ఆగిపోతాయి. వీటి పక్కన పెట్టి చూడాల్సిన అంకె ఇంకొకటుంది. అదే అరవై ఏళ్లలో అట్లాంటిక్ దాటించడానికి ఓడలెక్కించిన బానిసలు 30 లక్షలకు పైనే. అంటే నేవీ చేతికి చిక్కి బయటపడినవారు నూటికి సుమారు ఐదుగురు.

ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకాదళం ఇంత తక్కువే ఎందుకు చేయగలిగింది? ఓడలు పాతవి, నెమ్మదివి అంటారు. నిజమే. బాల్టిమోర్‌లో కట్టిన బానిస ఓడలు గాలికి ఎగిరిపోతుంటే, వాటి వెంటపడే పది ఫిరంగుల బ్రిగ్గులు (రెండు తెరచాప కంబాల చిన్న యుద్ధనౌకలు) మైళ్ల వెనక ఉండేవి. జ్వరాలు కారణమంటారు. అదీ నిజమే, 1829 ఒక్క ఏడాదిలోనే స్క్వాడ్రన్, అంటే ఆ గస్తీ దళం, తన మనుషుల్లో నాలుగో వంతును పోగొట్టుకుంది. అయితే వేగానికి మందు దొరికింది. 1827లో సిబిల్ నౌక పట్టుకున్న హెన్రికెటా అనే బానిస ఓడనే నేవీ కొని, బ్లాక్ జోక్ అని పేరు మార్చి వేటకు దింపింది. 1829 ఫిబ్రవరిలో ఆ చిన్న ఓడ, తనకన్నా ఎన్నో రెట్లు ఫిరంగులున్న ఎల్ అల్మిరాంటేను లొంగదీసి, అందులోని నాలుగు వందలకు పైగా బానిసలను విడిపించింది. జ్వరానికీ తర్వాత క్వినైన్ వచ్చింది. నేవీని అరవై ఏళ్లూ వదలని జబ్బు ఇంకొకటి: ఎదురుగా కనిపిస్తున్న ఓడ ఎవరి జెండా ఎగరేసిందన్న ప్రశ్న. బానిస వ్యాపారి అసలైన రక్షణ కవచం ఆ గుడ్డముక్క. దాన్ని చట్టం తొలగించిన ప్రతిచోటా వ్యాపారం కుంగింది. తొలగించనిచోట ఫిరంగులు చేసిందేమీ లేదు.

1816లో పడమటి ఆఫ్రికా తీరంలోని మెసురాడో అగ్రం దగ్గర లె లూయీ అనే ఫ్రెంచి ఓడను సియెరా లియోన్ వలస ప్రభుత్వ నౌక పట్టుకుంది. పోరాటం జరిగింది, ప్రాణాలు పోయాయి. కేసు లండన్‌కు వెళ్లింది. 1817లో న్యాయమూర్తి సర్ విలియం స్కాట్ ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: యుద్ధం లేని కాలంలో సముద్రం మీద ఇంకో దేశపు ఓడను ఆపి సోదా చేసే హక్కు ఎవరికీ లేదు. బానిస వ్యాపారం ఎంత నీచమైనదైనా సరే, అంతర్జాతీయ న్యాయం దృష్టిలో అది సముద్రపు దోపిడీ కిందికి రాదు. ఓడను వదిలేయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి బ్రిటన్‌కు మిగిలిన దారి ఒక్కటే, ఒక్కో దేశంతో విడివిడిగా ఒప్పందం రాసుకోవడం. పోర్చుగల్‌కు 3 లక్షల పౌండ్లు, స్పెయిన్‌కు 4 లక్షల పౌండ్లు ముట్టజెప్పి అప్పటికే సంతకాలు పెట్టించుకున్నారు.

ఆ ఒప్పందాల్లోని కన్నాలు చూస్తే మతిపోతుంది. పోర్చుగల్ ఓడలను భూమధ్యరేఖకు ఉత్తరాన మాత్రమే పట్టుకోవచ్చు. దాంతో కబిండా, మొలెంబో వంటి దక్షిణ రేవుల పేరిట అనుమతి పత్రం తీసుకుని, లాగోస్‌లోనో వైదాలోనో సరుకు ఎక్కించుకునేవాళ్లు. సోదా చేసే అధికారి లెఫ్టినెంట్ హోదాకు తగ్గకూడదు, ఒప్పందం ప్రకారం జారీ అయిన ఉత్తర్వుల ప్రతి ఆ నౌకలో ఉండి తీరాలి. అన్నిటికన్నా దారుణం, లోపల బానిసలు ఉంటేనే ఓడను పట్టుకోవాలన్న షరతు. సంకెళ్లు కనబడినా, వందల మందికి సరిపడే తిండి కనబడినా, మనిషి కనబడకపోతే వదిలేయాల్సిందే. తొందరపడి పట్టుకుంటే కోర్టు ఓడను విడిచిపెట్టి, ఆలస్యానికైన నష్టం, ఖర్చులు పట్టుకున్న కెప్టెన్ మీదే వేసేది. అంటే నదీముఖం దగ్గర కాచుకుని, మనుషులను ఓడలో కుక్కేదాకా ఆగి, ఆ తర్వాత తరుముకుంటూ వెళ్లాలి. పైగా బహుమతి కూడా తలల లెక్కనే ఇచ్చేవారు. 1824 నుంచి విడిపించిన ఒక్కొక్కరికి 10 పౌండ్లు, 1830 నుంచి 5 పౌండ్లు. నావికాధికారులు బహుమతి కోసం కావాలనే ఆగారన్న ఆరోపణ ఆనాటి నుంచీ ఉంది. వాళ్ల మనసుల్లో ఏముందో వెతకనక్కర్లేదు. చట్టమే వాళ్లను ఆగమంది, ఆగితేనే డబ్బిస్తానంది.

పట్టుబడ్డాక బానిసల కష్టాలు తీరాయనుకోవడమూ పొరపాటే. పట్టుబడ్డ ఓడలపై తీర్పు చెప్పడానికి బ్రిటన్, ఒప్పంద దేశాల న్యాయమూర్తులు కలిసి కూర్చునే ఉమ్మడి కమిషన్ కోర్టు సియెరా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో ఉంది. బానిసలు ఎక్కువగా దొరికేది వెయ్యి మైళ్ల తూర్పున, బెనిన్, బయాఫ్రా అఖాతాల్లో. అక్కడి నుంచి ఫ్రీటౌన్‌కు నేరుగా రావడానికి గినీ ప్రవాహం ఒప్పుకోదు, అది తూర్పుకు నెడుతుంది. గాలీ ఎదురే. అందుకని ఓడ దక్షిణంగా భూమధ్యరేఖ దాకా దిగి, వ్యాపార పవనాలు పట్టుకుని, చుట్టు తిరిగి రావాలి. నెల పట్టేది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఓడను నడిపేది ఓ కుర్ర మిడ్‌షిప్‌మన్ (శిక్షణలో ఉన్న అధికారి), నలుగురైదుగురు నావికులు, కొందరు క్రూ తెగ ఖలాసీలు. కింది డెక్కులో మూడు నాలుగు వందల మందికి రక్తవిరేచనాలు, కళ్ల కలక. స్వేచ్ఛ ప్రకటించడానికి తీసుకువెళుతున్న దారిలోనే మనుషులు చచ్చిపోయారు. దగ్గరలోని ఫెర్నాండో పో దీవికి కోర్టును మార్చాలని 1827 నుంచీ ప్రయత్నించారు. దీవి తనదన్న స్పెయిన్ అమ్మడానికి ఒప్పుకోలేదు, పని జరగలేదు. అక్కడా అడ్డం పడింది జెండాయే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ చరిత్ర మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకునేది ఏ ఫిరంగి పోరూ కాదు, ఒప్పందంలోని ఒక్క అధికరణం. ఓడలో మనిషి లేకున్నా, ఉన్న సామాను చూసి అది బానిస ఓడేనని తేల్చవచ్చునన్న పరికరాల నిబంధన. నెదర్లాండ్స్‌తో 1820ల మొదట్లో, ఫ్రాన్స్‌తో 1833లో, అన్నిటికన్నా ముఖ్యంగా స్పెయిన్‌తో 1835 జూన్‌లో ఇది కుదిరింది.

ఆ జాబితా రాసినవాళ్లు ఓడ లోపలికి దిగి చూసినవాళ్లే అయ్యుండాలి. మామూలు సరుకు ఓడలో డెక్కు మీది ద్వారాలకు గట్టి మూతలుంటాయి, సరుకు తడవకూడదు కాబట్టి. వాటి బదులు గాలి చొరబడే జాలీ చట్రాలు ఉన్నాయంటే కింద ఊపిరి పీల్చే సరుకు ఉండబోతోందన్నమాట. సరుకు గదిలో అవసరానికి మించి అడ్డపలకలు. రెండో డెక్కు వేయడానికి కొలిచి, కోసి సిద్ధంగా పెట్టిన చెక్కలు. సంకెళ్లు, బేడీలు, గొలుసులు. సిబ్బందికి కావాల్సిన దానికన్నా ఎక్కువ నీళ్లు, ఎక్కువ పీపాలు. లెక్కకు మించిన తిండి తొట్లు. ఉండాల్సిన దానికన్నా పెద్ద వంట గంగాళం, లేదా ఒకటికి రెండు గంగాళాలు. బియ్యం, మొక్కజొన్న, కర్రపెండలం పిండి సిబ్బంది తినలేనంత మోతాదులో. వీటిలో ఏ ఒక్కటి దొరికినా ఓడ బానిస వ్యాపారంలో ఉందన్నదానికి అదే ప్రాథమిక సాక్ష్యం. కాదని నిరూపించుకోవాల్సిన భారం ఓడ యజమానిది.

రుజువు భారాన్ని ఇలా యజమాని నెత్తిన పెట్టడమే ఈ నిబంధన చేసిన పెద్ద పని. అబద్ధం ఆడగలిగేది పత్రాలతోనే. ఇరవై మంది సిబ్బంది ఉన్న ఓడలో నాలుగు వందల మందికి గంజి కాచే గంగాళం ఎందుకుందో చెప్పమంటే ఏ కెప్టెన్ చెప్పగలడు? స్పెయిన్ ఒప్పందంలో ఇంకో మంచి అంశం కూడా చేరింది. అప్పటిదాకా శిక్ష పడిన ఓడను ఫ్రీటౌన్‌లో వేలం వేస్తే, బానిస వ్యాపారుల ఏజెంట్లే పాడుకుని మళ్లీ అదే పనికి పంపేవాళ్లు. 1835 నుంచి అలాంటి ఓడను ముక్కలుగా కోసి, ముక్కలనే విడివిడిగా అమ్మాలన్నారు. 1838లో బ్రిటిష్ పార్లమెంటు బహుమతి లెక్కనూ మార్చింది. ఖాళీ ఓడను పట్టుకుంటే టన్నుకు 4 పౌండ్లు. ఇకపై నావికాధికారికి మనుషులు ఎక్కేదాకా కాచుకునే అవసరం లేదు.

వ్యాపారులు ఊరుకోలేదు. నిబంధనలోనే ఒక వెసులుబాటుంది. పీపాలు పామాయిల్ కోసమేనని, అందుకు హామీ సొమ్ము కట్టామని బయల్దేరిన రేవు కస్టమ్స్ నుంచి పత్రం చూపితే వదిలేయాలి. ఆ పత్రాలు పుట్టుకొచ్చాయి. పీపాలను పలకలుగా విడగొట్టి కట్టలుగా తెచ్చి, తీరంలో బిగించుకునేవాళ్లు. సంకెళ్లూ చెక్కలూ వేరే ఓడలో, చట్టబద్ధమైన సరుకుగా ముందే దిగేవి. తీరాన బారకూన్లనే దొడ్లలో వందల మందిని కట్టిపడేసి ఉంచి, గస్తీ నౌక కనుమరుగైన కొన్ని గంటల్లోనే పడవల మీద చేరవేసి లంగరెత్తేవాళ్లు. రెండో డెక్కు చెక్కలు దొరికితే ముప్పు కాబట్టి వాటిని మానేశారు. నీళ్ల పీపాల మీదే చాపలు పరిచి, ఆ గుండ్రటి అంచుల మీద మనుషులను పడుకోబెట్టి సముద్రం దాటించారు. 1840లలో పట్టుబడ్డ ఓడల్లో అధికారులు చూసింది ఈ దృశ్యాన్నే.

అంతకన్నా తేలికైన ఉపాయం జెండా మార్చడం. స్పెయిన్ జెండా కింద పరికరాల నిబంధన వర్తిస్తుందని తేలగానే ఆ జెండా తీరంలో దాదాపు కనిపించకుండా పోయి, అవే ఓడలు పోర్చుగీసు జెండా ఎగరేశాయి. 1839లో బ్రిటన్ విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ పోర్చుగల్ సమ్మతితో పనిలేకుండా పార్లమెంటులో చట్టం చేసి ఆ దారి మూస్తే, అమెరికా జెండా వచ్చింది. హవానాలో అమెరికన్ ఓడను కొంటారు, కానీ పత్రాలు మార్చరు. అమెరికన్ కెప్టెన్ ఒకడు పత్రాల్లో ఉంటాడు. అసలు కెప్టెన్, స్పెయిన్ వాడో పోర్చుగల్ వాడో, ప్రయాణికుడి పేరుతో ఎక్కుతాడు. బానిసలు ఎక్కాక అమెరికన్ దిగిపోతాడు. హవానాలోని అమెరికన్ కాన్సుల్ నికొలాస్ ట్రిస్ట్ ఇలాంటి ఓడలకు పత్రాలు సమకూర్చాడని తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. బ్రిటిష్ నేవీ ఆ ఓడను ఆపితే రెండు దేశాల మధ్య యుద్ధం మాట వినబడేది. అమెరికా తన చట్టంలో 1820లోనే బానిస వ్యాపారానికి ఉరిశిక్ష రాసుకుంది. ఆ చట్టం కింద ఉరి తీసింది ఒక్కడినే. 1860లో ఎరీ అనే ఓడలో 897 మందితో దొరికిన నథానియెల్ గోర్డన్‌ను 1862 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో ఉరితీశారు. నలభై రెండేళ్లకు ఒక్క ఉరి.

నేవీని సమర్థించేవారి మాట కూడా వినాలి. అరవై ఏళ్లపాటు తన సొమ్ము, తన మనుషులను పణంగా పెట్టి, తనకు వెంటనే లాభం లేని పనిని ఇంత పట్టుదలగా చేసిన దేశం ఇంకొకటి లేదని వారంటారు. 1850 మార్చిలో పార్లమెంటు సభ్యుడు విలియం హట్ స్క్వాడ్రన్‌ను వెనక్కి పిలవాలని తీర్మానం పెడితే 232-154 ఓట్లతో వీగిపోయింది. ఆ నిర్ణయం సరైనదే. బయటపడ్డ లక్షన్నర మందిలో 1822లో మిర్మిడన్ నౌక రక్షించిన బాలుడు, తర్వాతి కాలపు బిషప్ శామ్యూల్ అజయీ క్రౌథర్ ఉన్నాడు. ఆ ఒక్కొక్క ప్రాణం విలువను నేను తగ్గించడం లేదు. అయితే 1846లో అదే పార్లమెంటు బానిసలు పండించిన చక్కెర మీద అదనపు సుంకాన్ని ఎత్తేయడానికి తలుపు తీసింది. ఆ తర్వాతి మూడేళ్లలో బ్రెజిల్‌కు ఏటా 50 వేలు, అంతకు మించి బానిసలు చేరారు. ఒక చేత్తో ఓడలు పట్టి, ఇంకో చేత్తో వాటి సరుకు కొన్న ప్రభుత్వాన్ని నావికుల త్యాగం పేరు చెప్పి వదిలేయలేం.

తీరం మీద కొట్టినప్పుడు ఏమైందో చూద్దాం. 1840 నవంబరులో సియెరా లియోన్‌కు చెందిన ఫ్రై నార్మన్ అనే చాకలి మహిళను, ఆమె బిడ్డను దక్షిణాన ఉన్న గలినాస్ నదీ ప్రాంత పాలకుడి కొడుకు అప్పు కింద పట్టి ఉంచాడు. వాళ్లను విడిపించమని గవర్నర్ కమాండర్ జోసెఫ్ డెన్మన్‌ను పంపాడు. డెన్మన్ పడవలతో నదిలోకి దిగి, వాళ్లిద్దరినీ విడిపించి, పాలకుడు సియాకాతో ఒప్పందం రాయించుకుని, స్పానిష్ వ్యాపారుల బారకూన్లను తగలబెట్టాడు. 841 మందికి స్వేచ్ఛ దొరికింది. సముద్రం మీద ఏళ్లు తిరిగినా కొన్ని నౌకలకు దక్కని ఫలితం ఇది. దానికి దక్కిన ప్రతిఫలం కోర్టు కేసు. బురాన్ అనే వ్యాపారి తన సరుకు, తన బానిసలు పోయాయని డెన్మన్ మీద దావా వేశాడు. 1842 మేలో విదేశాంగ మంత్రి అబెర్డీన్, ఇలా తీరంలోకి దిగి కట్టడాలు కాల్చడం చట్టబద్ధమని చెప్పలేమని నేవీకి లేఖ రాశాడు. ఆ లేఖ సంగతి తీరంలో పొక్కింది, దొడ్లు మళ్లీ లేచాయి. డెన్మన్ నిర్దోషి అని 1848లో తేలేసరికి ఆరేళ్లు పోయాయి.

1850లో బ్రెజిల్‌లో జరిగింది ఇంకా స్పష్టమైన పాఠం. బ్రెజిల్ బానిస ఓడలను పట్టుకునే అధికారం నేవీకి ఇస్తూ 1845లో అబెర్డీనే తెచ్చిన చట్టాన్ని పట్టుకుని, అడ్మిరల్ రేనాల్డ్స్ నౌకలు బ్రెజిల్ రేవుల్లోకే చొరబడ్డాయి. జూన్ చివర పరానగువాలో కార్మోరంట్ నౌక కోట ఫిరంగులకు ఎదురు నిలిచి, రేవులో ఉన్న బానిస ఓడలను లాక్కెళ్లింది. సెప్టెంబరు 4న బ్రెజిల్ తన సొంత నిషేధ చట్టం చేసింది. 1849లో 54 వేల మంది దిగిన తీరంలో 1851లో దిగినవారు 3,300కు మించలేదు. రియోను వణికించిన పచ్చజ్వరం, అక్కడి రాజకీయాలు కూడా తోడయ్యాయి, నిజమే. కానీ నలభై ఏళ్ల ఆఫ్రికా గస్తీ చేయలేనిది, కొనేవాడి రేవును మూస్తే ఏడాదిన్నరలో జరిగింది. క్యూబా మాత్రం అమెరికా జెండా నీడలో ఇంకా కొనసాగింది. 1862 ఏప్రిల్‌లో లింకన్ ప్రభుత్వం సోదా హక్కుకు, పరికరాల నిబంధనకు ఒప్పుకుంది. ఐదేళ్లు తిరిగేసరికి అట్లాంటిక్ బానిస వ్యాపారం ముగిసింది.

ఈ కథ మనకు దూరంగా జరిగిందనుకోవడానికి లేదు. ఆఫ్రికా తీరంలో మనిషికి ధరగా చెల్లించిన సరుకుల్లో కోరమాండల్ తీరపు నేత బట్టలు పెద్ద భాగం. డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లిష్ కంపెనీలు మచిలీపట్నం, పాలకొల్లు వైపు నేయించిన గుడ్డలు యూరప్ మీదుగా ఆ వర్తకానికి చేరాయి. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావాల్సి వచ్చినప్పుడు, కోరంగి రేవులో ఓడలెక్కి మారిషస్‌కు వెళ్లిన తెలుగు కూలీలు ఆ ఖాళీని పూరించారు. నేవీ విడిపించిన ఆఫ్రికన్లనూ ఏళ్ల తరబడి ఒప్పంద కూలీలుగా వెస్టిండీస్ తోటలకు పంపారు. సెయింట్ హెలెనా దీవిలో దించిన పాతిక వేల మందిలో దాదాపు ఎనిమిది వేల మంది రూపర్ట్స్ లోయలోనే పూడ్చబడ్డారు.

జెండా సమస్య ఇప్పటికీ తీరలేదన్నదే నా అసలు బాధ. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 110వ అధికరణం ప్రకారం, బానిసలను తీసుకెళుతోందన్న అనుమానం ఉన్న ఓడలోకి ఏ దేశపు యుద్ధనౌకైనా ఎక్కి చూడవచ్చు. అనుమానం తప్పని తేలితే నష్టపరిహారం చెల్లించాలి. నిజమని తేలితే? సముద్రపు దొంగల ఓడనైతే 105వ అధికరణం కింద స్వాధీనం చేసుకుని తన కోర్టులో శిక్షించవచ్చు. బానిస ఓడ గురించి అంత స్పష్టమైన అధికారం ఆ చట్టం ఎక్కడా రాయలేదు. శిక్షించాల్సింది ఆ ఓడ ఎవరి జెండా ఎగరేసిందో ఆ దేశమేనని 99వ అధికరణం చేతులు దులుపుకుంటుంది. ప్రపంచ ఓడల్లో పెద్ద వాటా లైబీరియా, పనామా, మార్షల్ దీవుల జెండాల కింద తిరుగుతోంది. లైబీరియా ఓడల రిజిస్ట్రీని నడిపేది అమెరికాలోని వర్జీనియాలో ఉన్న ప్రైవేటు సంస్థ. అక్కడ ఫీజు కట్టి నమోదైన ఓడలో మనుషులెలా బతుకుతున్నారో ఆ జెండా దేశం వెళ్లి చూస్తుందని నమ్మడం ఎలా?

2015లో ఇండోనేసియాలోని బెంజినా అనే దీవి గ్రామంలో చేపల ఓడల మీద ఏళ్ల తరబడి జీతం లేకుండా బందీలుగా పనిచేస్తున్న మియన్మార్, కంబోడియా, లావోస్ మనుషులు బయటపడ్డారు. కొందరిని బోనుల్లో పెట్టారు. ఈ సంగతి పత్రికల్లో వచ్చాక రెండు వేలకు పైగా మత్స్యకారులకు విముక్తి దొరికింది. వాళ్లు దొరికింది నడిసముద్రంలో కాదు, రేవులో. పట్టిన చేపను శీతల సరుకు ఓడలు సముద్రంలోనే తీసుకుపోతాయి, డీజిలూ బియ్యమూ అక్కడే అందిస్తాయి. వేట ఓడ ఏళ్లపాటు ఒడ్డు ముఖం చూడనక్కర్లేదు. సంకెళ్లను వేరే ఓడలో ముందే దించిన పాత ఎత్తు ఇప్పుడు ఇలా నడుస్తోంది.

కాబట్టి గస్తీ నౌకలు పెంచండన్న పిలుపులు నన్ను కదిలించవు. ఇప్పటి ఓడలకూ ఒక పరికరాల జాబితా రాసి, రేవు అధికారుల చేతికి ఇవ్వాలి. సిబ్బంది పాస్‌పోర్టులు వాళ్ల దగ్గర కాక కెప్టెన్ పెట్టెలో ఉండటం. ఏడాది దాటినా రేవు తాకని ప్రయాణం. ఆచూకీ తెలిపే ట్రాన్స్‌పాండర్ రోజుల తరబడి ఆగిపోవడం. జీతాల పట్టీలో సంతకాలు లేకపోవడం, ఉన్నా అన్నీ ఒకే చేతిరాతలో ఉండటం. ఉన్న మంచాల కన్నా మనుషులు ఎక్కువ కావడం. వీటిలో ఏ ఒక్కటి కనబడ్డా, జెండా ఎవరిదైనా సరే ఓడను రేవులో నిలిపివేయాలి. తన ఓడలో బానిస లేడని నిరూపించుకునే పని యజమానిది కావాలి. నిరూపించలేకపోతే ఓడను 1835లో చెప్పినట్టే కోయాలి. సరుకు కొన్న కంపెనీ పేరు కూడా అదే కేసులో ముద్దాయిగా రాయాలి.